తెరమీది అధికారం: ఒక ప్రొజెక్టరు ఆత్మకథ

రాజకీయాధికారాన్ని నేరుగా కథగా తీసుకున్న తొలి తెలుగు సినిమాల్లో ముందు చెప్పుకోవలసింది ‘రైతుబిడ్డ’. గూడవల్లి రామబ్రహ్మం 1939లో తీశాడు. జమీందారు పక్షాన్ని కాదని ఓ రైతు తన ఓటు రైతుల అభ్యర్థికి వేస్తాడు. ఆ ఒక్క ఓటుకు అతను పడే పాట్లే కథ. దీన్ని తీసిన సారథి సంస్థ అధిపతి చల్లపల్లి జమీందారే కావడం వింత. మిగతా జమీందార్లకు మాత్రం ఆ బొమ్మ రుచించలేదు, కొన్ని జిల్లాల్లో నిషేధం పడింది. ఈ ఆత్మకథ చెప్పుకుంటున్న 35 ఎం.ఎం. ప్రొజెక్టరు అప్పటికి పుట్టలేదు. ఆపరేటర్లు దీన్ని ‘మిషను’ అనేవాళ్లు కాబట్టి ఇక్కడా అదే పేరు.

మిషను మొదటి కొలువు పుంగనూరు పక్క పల్లెల్లో టెంటు వేసే టూరింగు టాకీసులో. రెండు కార్బన్ కడ్డీల మధ్య లేచే మంటే దానికి వెలుగు. సెకనుకు 24 బొమ్మల లెక్కన రెండు వేల అడుగుల రీలు దాదాపు 22 నిమిషాలు నడుస్తుంది. టెంటులో మిషను ఒక్కటే కనుక రీలు రీలుకూ ఆట ఆగేది, నేల టికెట్టువాళ్లు బీడీలు ముట్టించేవాళ్లు. కథ మొదలయ్యేలోపే అధికారం రెండుసార్లు తెరమీదికి వచ్చేది: మొదట ఫిలిమ్స్ డివిజన్ వార్తాచిత్రం, తర్వాత సెన్సారు సర్టిఫికెట్టు. వార్తాచిత్రం వేయకపోతే లైసెన్సుకే ముప్పు; పైగా దానికి అద్దె కట్టేది హాలువాళ్లే. ప్రభుత్వం తన గురించి తాను తీసుకున్న సినిమాలు ఈ మిషను వేసినన్ని మరే హీరోవీ వేయలేదు. 1975-77 ఎమర్జెన్సీలోనూ అవి ఆగలేదు. ఆనకట్టలు, రిబ్బన్లు, దండలు తప్ప వాటిలో అధికారం ఎలా పనిచేస్తుందో మచ్చుకైనా కనబడదు.

టెంటుతోపాటు మిషను వెళ్లిన కుప్పంలో సంగతి వేరు. మూడు రాష్ట్రాలు కలిసే చోటు కనుక అక్కడ అరవ సినిమాలకూ జనం ఉండేవాళ్లు. ఎమ్జీఆర్ స్వయంగా తీసిన ‘నాడోడి మన్నన్’ (1958)లో రాజు పోలికలున్న సామాన్యుడు సింహాసనం ఎక్కి పేదల కోసం చట్టాలు ప్రకటిస్తాడు. అవి శాసనాల వేషంలో ఉన్న ఎన్నికల వాగ్దానాలు. ఆ నటుడు 1977లో నిజంగానే ముఖ్యమంత్రి అయ్యాడు.

తెలుగులో ఆ ముచ్చట ఇంకా వేగంగా జరిగింది. ఎన్టీఆర్ 1982 మార్చి 29న పార్టీ పెట్టాడు. సెన్సారు చిక్కులు దాటుకుని ఆయన నటించిన ‘బొబ్బిలిపులి’ జులైలో వచ్చింది. 1983 జనవరి 9న ఆయన ప్రమాణస్వీకారం చేశాడు. మదనపల్లెలో పర్మనెంటు హాలుకు చేరిన మిషను ‘బొబ్బిలిపులి’ కోర్టు సీను రీలును మిగతావాటికంటే ఎక్కువగా అరగదీసింది; జనం ఈలలకు మాటలు వినబడకపోతే మళ్లీ వేయమని గోల. సినిమాగా చూస్తే అది ఉపన్యాసమే. అధికారాన్ని తిట్టడం వేరు, చూపించడం వేరు.

ఆ రెండో పని చేసింది టి. కృష్ణ ‘ప్రతిఘటన’ (1985). రౌడీ నాయకుడిగా మారే తీరును, కళ్లముందు ఘోరం జరిగినా నోరెత్తని ఊరిని అది దాచకుండా చూపింది. అందులో లెక్చరరుగా చేసిన విజయశాంతి 2009లో మెదక్ నుంచి లోక్‌సభకు వెళ్లింది. 1987లో వచ్చిన ‘మండలాధీశుడు’ పదవిలో ఉన్న ముఖ్యమంత్రి ఎన్టీఆర్‌నే వెక్కిరించింది. ఆ వేషం కట్టిన కోట శ్రీనివాసరావు 1999లో శాసనసభ్యుడయ్యాడు. ఈ బొమ్మ గొప్పదేమీ కాదు, దాని ధైర్యం మాత్రం గొప్పది.

మదనపల్లెలో మరో ముచ్చట. ‘జనగణమన’ను టాగూరు ఇంగ్లీషులోకి మార్చింది 1919లో ఈ ఊరి థియోసాఫికల్ కాలేజీలోనే. ఒకప్పుడు ఆట చివర ఆ గీతం రీలు వేసేవాళ్లు. సగంమంది అప్పటికే గేటు దాటేవాళ్లు. 2016లో సుప్రీంకోర్టు దాన్ని ఆటకు ముందు తప్పనిసరి చేసి, 2018లో ఐచ్ఛికం చేసింది.

మిషను చివరి రోజుల్లో, 2010లో, రెండు మంచి సినిమాలు వచ్చాయి. శేఖర్ కమ్ముల ‘లీడర్’లో చనిపోయిన ముఖ్యమంత్రి కొడుకు అవినీతిని తుడిచేయాలనుకుంటాడు, కుర్చీ కోసం మాత్రం తండ్రి దాచిన నల్లడబ్బుతోనే ఎమ్మెల్యేలను కొంటాడు. చిక్కు అక్కడుంది, చివర్లో తేలిగ్గా విడిపోవడమే లోపం. దేవా కట్టా ‘ప్రస్థానం’ ఆ తేలికదారి తొక్కలేదు. సాయికుమార్ వేసిన లోకనాథం నాయుడు దుర్మార్గుడిగా పుట్టలేదు. ఒక్కో అవసరానికి ఒక్కో తప్పు చేస్తూ, చివరికి తన ఇంట్లోనే లెక్క చెప్పుకోవలసివస్తుంది. ఈ మిషను గేటులోంచి నడిచిన రాజకీయ సినిమాల్లో దీన్ని మించింది లేదు. హాలు మాత్రం సగం ఖాళీ.

తర్వాత రెండు మూడేళ్లకే డిజిటల్ పెట్టె వచ్చి మిషను పక్కకు జరిగింది. 2019 ఎన్నికల ముందు ‘ఎన్.టి.ఆర్: మహానాయకుడు’, ‘లక్ష్మీస్ ఎన్టీఆర్’ వచ్చాయి. రెంటిలోనూ 1989 నుంచి కుప్పానికి శాసనసభ్యుడైన చంద్రబాబు నాయుడి పాత్ర ఉంది, రెండు రకాలుగా. మొదటిది ఫిబ్రవరిలో హాళ్లకు చేరింది. రెండోది మార్చి 29న ఇతర చోట్ల విడుదలైనా ఆంధ్రప్రదేశ్‌లో హైకోర్టు ఆపింది. రీళ్ల కాలంలో నిషేధమంటే బస్సుమీద వచ్చిన పెట్టెలను పట్టుకోవాలి. డిజిటల్ పెట్టెకు ఆ శ్రమ లేదు: ఆటకు కావలసిన తాళం సంకేతం పంపకపోతే చాలు.