విబూది సరే, నీళ్లో?

కోడ్‌లో ఒక్క చుక్క తప్పినా తెల్లారేదాకా కూర్చుని పట్టుకునే మొనగాళ్లు హైదరాబాద్ నల్లగండ్లలో కొల్లలు. అదే వాళ్ల అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పటం నుంచి విబూది రాలుతున్న వీడియో పడనివ్వండి... టెస్టింగూ లేదు, గిస్టింగూ లేదు. వరసగా దండాలే!

ఆ టెస్టింగ్ పాతతరం ఎప్పుడో మొదలుపెట్టింది. 1976లో బెంగళూరు విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్ హెచ్. నరసింహయ్య ఓ కమిటీ వేసి, అద్భుతాలు తమ ఎదుట చేసి చూపమని పుట్టపర్తి సత్యసాయిబాబాకు ఉత్తరాలు రాశారు. బాబా ఒప్పుకోలేదు. బాబాలా గాల్లోంచి విబూది తీయడం ఎలాగో అడిగినవాళ్లందరికీ చేసి చూపించింది హేతువాది బి. ప్రేమానంద్. విబూదిని గంజితో ఉండకట్టి, బొటనవేలి సందున దాచి, చెయ్యి తిప్పుతూ నలిపేయడమే. జనవిజ్ఞాన వేదిక వాళ్లు ఇలాంటి గుట్లు ఊరూరా విప్పుతూనే ఉన్నారు.

అసలు తమాషా వేరే ఉంది. 1990లలో అనంతపురం పల్లెల దప్పిక తీర్చాల్సి వచ్చినప్పుడు బాబా ట్రస్టు గాల్లో చెయ్యి తిప్పలేదు. ఇంజనీర్లను పిలిచింది, పైపులేసింది, ట్యాంకులు కట్టింది. నీళ్లొచ్చాయి. దండం పెట్టాల్సింది ఆ పనికి. మనవాళ్లు కథలు కథలుగా చెప్పుకునేది మాత్రం చిటికెడు బూడిద గురించి!

ఎండాకాలం ట్యాంకర్ల కోసం ఎదురుచూసే నల్లగండ్ల సొసైటీ పెద్దలకు మనవి: ఈసారి ఏ స్వామినైనా క్లబ్‌హౌస్‌కు పిలిస్తే విబూది అడక్కండి, సంపు నింపమనండి.