ముందు పాదాలు, తర్వాత పట్టాలు

2025 నవంబరు 4న మెము రైలు గూడ్సును ఢీకొన్నప్పుడు లాల్‌ఖదాన్ పేరు దేశమంతా విన్నది. ఆ ప్రమాదం సంగతి వేరు. బిలాస్‌పూర్ పక్కనున్న ఈ చోటు మీదుగా కోర్బా బొగ్గు రాత్రనక పగలనక పోతూనే ఉంటుంది. అంత బరువు మోస్తే పట్టా అరుగుతుంది, వెల్డు చిట్లుతుంది. బాగుచేయాలంటే లైను ఆపి ‘బ్లాక్’ ఇవ్వాలి. బండి ఆపడమా? అమ్మో!

బాగుచేతకు సొమ్మూ కావాలి కదా. ఏ పని ముందు, ఏది వెనక అన్న పేచీ లేకుండా 2017-18లో రాష్ట్రీయ రైల్ సంరక్షా కోశ్ అనే నిధి పెట్టారు. ఐదేళ్లకు లక్ష కోట్లు, అదీ భద్రత పనులకే.

ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ 2022లో ఆ నిధి పద్దులు విప్పింది. ఆ సొమ్ముతో పాదాలు నొక్కే యంత్రాలు, పింగాణీ సామాను, చలికోట్లు, ఫర్నిచర్ కొన్నారట! అంత ముఖ్యం కాని పనుల వాటా రెండేళ్లలో 2.76 శాతం నుంచి 6.36 శాతానికి ఎగబాకింది. పట్టాల మార్పిడి కేటాయింపు మాత్రం 2018-19లో 9,607 కోట్లు, మరుసటి ఏడు 7,417 కోట్లు.

పోనీలెండి, సుత్తీ స్పానరూ మోస్తూ రోజూ కిలోమీటర్ల కొద్దీ పట్టాల వెంట నడిచే కీమన్ కాళ్లకే ఆ యంత్రాలు కొన్నారనుకుందాం.