డిక్కీ బాబాయ్

యరమరస్‌లో ఎవరైనా కారు కొనాలంటే బ్యాంకు కంటే ముందు బాబాయ్ గడప తొక్కాలి. ఆయన తల ఊపితే బేరం ముందుకు నడుస్తుంది. పెదవి విరిచాడా, ఇచ్చిన బయానా కూడా వెనక్కి అడుగుతారు. రాయచూరు నుంచి హైదరాబాద్ వెళ్ళే రోడ్డు మీద, థర్మల్ ప్లాంటు చిమ్నీ నీడలో, ఇంత పలుకుబడి ఉన్న మనిషి మరొకరు లేరు. ఆయనకి కారు లేదు. ఉన్నదల్లా ఒక పాత టీవీఎస్ ఎక్సెల్. దాని మీద కూర్చునే నాలుగున్నర మీటర్ల సెడాన్ల జాతకాలు చెప్తాడు.

అసలు పేరు రేషన్ కార్డులో భద్రంగా ఉంది. ఊరు పెట్టిన పేరు డిక్కీ బాబాయ్. ఏ కారు దగ్గరికి వెళ్ళినా ఆయన ఇంజన్ చూడడు, స్టీరింగ్ ముట్టుకోడు. తిన్నగా వెనక్కి వెళ్ళి, ‘డిక్కీ తియ్యండి’ అంటాడు. సియాజ్‌కి 510 లీటర్లు, వెర్నాకి 528 లీటర్లు అని కంపెనీలు రాసుకుంటాయి. ‘డిక్కీలో నీళ్ళు పోసుకుంటామా, లీటర్లలో చెప్పడానికి?’ అని బాబాయ్ కోప్పడతాడు. ఆయన కొలమానం పాతిక కిలోల సోనామసూరి బస్తా. బస్తాలు పేర్చాక ఆవకాయ జాడీ నిటారుగా నిలబడే చోటు మిగిలితే అది ఫ్యామిలీ కారు. మిగలకపోతే ఎంత ఖరీదైనా అది కుర్రాళ్ళ సరదా.

ఈ జాడీ సిద్ధాంతం మీదే ఆయన ఎస్‌యూవీల్ని కొట్టిపారేస్తాడు. ‘ఎత్తు బళ్ళలో మనుషులూ సామానూ ఒకే గదిలో ఉంటారయ్యా! మంత్రాలయం దాటేసరికి మీ కొత్త కోడలి పట్టుచీరకి కూడా ఆవకాయ వాసన పడుతుంది. సెడాన్‌లో అయితే జాడీ గది జాడీది, మన గది మనది.’ మరి మన రోడ్ల మీద హంపుల సంగతేమిటని ఎవరో అడిగారు. హోండా సిటీ పొట్టకీ నేలకీ మధ్య ఖాళీ 165 మిల్లీమీటర్లే. అయిదుగురు ఎక్కి బస్తాలు వేస్తే హంపు హంపుకీ నేలని ముద్దాడుతుంది. బాబాయ్ తడుముకోలేదు. ‘హంపు దగ్గర దిగి నాలుగడుగులు నడిస్తే షుగర్ తగ్గుతుంది’ అన్నాడు.

సొంతానికి కారు కొనే దగ్గర మాత్రం బాబాయ్ ఆచితూచి అడుగేస్తాడు. ఆ గుణం ఆయనకి వంశంలో వచ్చింది కాదు. 1953లో తుంగభద్ర డ్యామ్ నీళ్ళు వదిలాక, కోస్తా జిల్లాల్లో ఉన్న కాస్త పొలం అమ్ముకుని ఇక్కడ అంతకి నాలుగైదు రెట్లు కొని క్యాంపులు కట్టుకున్న తరం వాళ్ళ నాన్నది. భాష రాని చోట, కంపచెట్లు కొట్టి దున్నాల్సిన నేలని ఒక్క పూటలో చూసి, రెండో పూటకి బేరం తెంచేసిన మనిషి ఆయన. ఆయన కొడుకు మాన్వి దగ్గర క్యాంపులో ఉన్న ఆ పొలం మీదే ఏటా వడ్లు పండిస్తున్నాడు, బ్యాంకులో డబ్బు వేస్తున్నాడు. కారు మాత్రం ఇంకా చూస్తూనే ఉన్నాడు.

చూడడం కాంటెస్సాతో మొదలైంది. ‘కొంటే కాంటెస్సాయే కొనాలి’ అని పెళ్ళిచూపుల్లోనే పిన్నికి మాటిచ్చాడట. మంచి సెకండ్ హ్యాండ్‌ది దొరకాలని చూస్తుండగా 2002లో కంపెనీ ఆ బండే ఆపేసింది. సరే, నమ్మకమైంది అంబాసిడర్ అనుకున్నాడు. 2014 మేలో ఉత్తర్‌పారా ఫ్యాక్టరీకి తాళం పడింది. టొయోటా అంటే చెడిపోదు కదా అని 2018లో వచ్చిన యారిస్ మీద మనసు పడ్డాడు. ‘మొదటి మూడేళ్ళు ఎలా ఉంటుందో జనాన్ని నడపనీ, తర్వాత మనం’ అన్నాడు. 2021 సెప్టెంబర్లో, మూడేళ్ళు దాటిన కొన్ని నెలలకే, యారిస్ వెళ్ళిపోయింది. పోతూ పోతూ అదే నెలలో ఫోర్డ్ కంపెనీ మొత్తాన్నీ తోడు తీసుకుపోయింది. ఇక మారుతి అయితే ఎక్కడికీ పోదని సియాజ్ ఖాయం చేసుకున్నాడు. 2014లో వచ్చిన ఆ బండి 2025లో ఆగిపోయింది.

దాంతో ఊళ్ళో ఒక భయం పుట్టింది. బాబాయ్ ఇష్టపడ్డాడంటే ఆ మోడల్‌కి రోజులు దగ్గర పడ్డట్టే. మొన్నామధ్య ప్లాంటులో పనిచేసే కుర్రాడొకడు కాళ్ళు పట్టుకున్నంత పని చేశాడు. ‘బాబాయ్, మీకు పుణ్యముంటుంది, వెర్నా వైపు చూడకండి. ఇంకా నాలుగేళ్ళ వాయిదాలున్నాయి నాకు!’

కొత్తదా, పాతదా అన్న ప్రశ్నకి బాబాయ్ దగ్గర రెండు నోళ్ళున్నాయి. కొత్తది కొంటానన్న వాడితో, ‘షోరూం గేటు దాటేసరికి లక్ష ఆవిరి. ఆ నష్టం ఇంకొకడిని భరించనిచ్చి, మూడేళ్ళ బండి తీసుకో’ అంటాడు. పాతది కొంటానన్న వాడితో, ‘ఇంకొకడు వద్దనుకున్నది మనకెందుకయ్యా? వాడికి తెలిసిందేదో నీకు తెలీదు’ అంటాడు. రెండూ నిజాలే. ఒకే మనిషి నోట ఒకే సాయంత్రం వినడమే కష్టం.

యరమరస్ వాళ్ళకి ఈ చిక్కు మరీ ఎక్కువ. శక్తినగర్ దగ్గర కృష్ణ వంతెన దాటితే తెలంగాణ. హైదరాబాద్‌లో సెకండ్ హ్యాండ్ సెడాన్లు బోలెడు. అక్కడ బండి చూసిన వాడికి ఇక్కడి రేటు రుచించదు. కానీ వంతెన అవతల చవగ్గా ఉన్న కారు ఇవతలికొచ్చేసరికి ఖరీదవుతుంది. కర్ణాటకలో జీవితకాలపు పన్ను కారు ధరని బట్టి 13 నుంచి 18 శాతం దాకా ఉంటుంది. పాత బండికి వయసును బట్టి తగ్గిస్తారు తప్ప వదలరు. అక్కడి ఆర్టీఓ నుంచి ఎన్‌ఓసీ తేవాలి, 28 నంబరు ఫారం, పేరు మార్పుకి 29, 30 నింపాలి. లోను మీద కొన్న బండయితే బ్యాంకు పత్రమూ 35 నంబరు ఫారమూ అదనం. అక్కడ కట్టిన పన్నులో మిగిలిన భాగాన్ని వెనక్కి రాబట్టుకోవడం వేరే తిరుగుడు. ఇదంతా బాబాయ్ వేళ్ళ మీద చెప్తాడు. చివర్లో గొంతు తగ్గించి, ‘కేంద్ర చట్టం 47వ సెక్షన్ ప్రకారం పన్నెండు నెలల దాకా పాత నంబరుతో తిరగొచ్చు. పదకొండో నెలలో అమ్మేసి అవతల ఇంకోటి కొంటే?’ అంటాడు. కొనడమే చేతగాని మనిషి అమ్మడం గురించి ఇంత దూరం ఆలోచించాడంటే మెచ్చుకోవాల్సిందే.

అయితే బాబాయ్‌ని తీసిపారేయడానికి లేదు. పాత బండి ముందు ఆయన్ని నిలబెట్టి చూడాలి.

ప్లాంటుకి కొత్తగా వచ్చిన ఇంజనీరొకడు రాయచూరులో 2017 మోడల్ సెడాన్ చూడ్డానికి వెళ్తూ బాబాయ్‌నీ, నన్నూ ఎక్కించుకున్నాడు. బ్రోకరు మంచి మాటకారి. ‘డాక్టరు గారి బండి సార్, సింగిల్ హ్యాండ్, షోరూం ట్రాక్, తిరిగింది నలభై ఒక్క వేలే’ అన్నాడు. బాబాయ్ వినిపించుకోలేదు. వెనక్కి వెళ్ళి డిక్కీ తీయించాడు. కార్పెట్ ఎత్తాడు, స్టెప్నీ బయటికి లాగించాడు, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి టైరు పక్కన పోసిన నాలుగంకెలు చదివాడు: 1417. అంటే 2017లో పద్నాలుగో వారం తయారీ. ‘ఇది బండితో పుట్టింది’ అన్నాడు. తర్వాత నేల మీదున్న నాలుగు టైర్లూ చూశాడు. నాలుగూ 2023వి, నాలుగూ సగానికి పైగా అరిగినవి.

‘నలభై ఒక్క వేలకి ఒక సెట్టు అయిపోయి, రెండో సెట్టు సగం అరిగిందా?’

‘ఎండలు సార్, రాయచూరు ఎండలకి రబ్బరు ఆగదు.’

‘ఎండ డిక్కీలోకి కూడా వస్తుంది కదా?’

బ్రోకరు తెలుగు అక్కడికి ఆగి కన్నడంలోకి మళ్ళింది. ‘నోడ్రీ సార్...’ అని మొదలుపెట్టాడు. బాబాయ్ అప్పటికే డ్రైవరు తలుపు తీసి వంగాడు. బ్రేకు పెడల్ రబ్బరు మీద గీతలు అరిగి అద్దంలా నున్నగా ఉంది. తలుపు అంచున రబ్బరు బీడింగ్ కొంచెం లాగి, లోపలి వెల్డింగ్ చుక్కలు కంపెనీవో, మేస్త్రీ పెట్టినవో చూశాడు. సీటు బెల్టు పూర్తిగా బయటికి లాగాడు. వరదలో మునిగిన బండిని ఎంత కడిగినా బెల్టు చివర బురద చార పోదు. చార లేదు. ‘మునగలేదు, గుద్దుకోలేదు. అబద్ధం ఒక్కటే’ అని లేచాడు. ‘షోరూం ట్రాక్ అన్నారు కదా, ఆ బిల్లులు చూపించండి.’

బిల్లులు చాలాసేపటికి వచ్చాయి. రెండేళ్ళ కిందటి సర్వీసు బిల్లు మీద కిలోమీటర్లు తొంభై ఆరు వేలు.

‘డాక్టరు గారు ఈ రెండేళ్ళూ రివర్స్ గేర్లోనే నడిపారా?’

బ్రోకరు ఉర్దూలోకి వెళ్ళిపోయాడు. రాయచూరులో బేరం మూడో భాషకి చేరిందంటే తెగిపోయినట్టే. ‘గుర్తుంచుకో అబ్బాయ్, మీటరు అబద్ధం చెప్తుంది, స్టెప్నీ చెప్పదు’ అంటూ బాబాయ్ చేతులు దులుపుకున్నాడు.

ఆ కుర్రాడి కళ్ళలో భక్తి పొంగింది. ‘మరి నన్నేది కొనమంటారు బాబాయ్?’ అన్నాడు.

అడక్కుండా ఉండాల్సింది. అప్పటిదాకా సింహంలా ఉన్న మనిషి ఒక్కసారిగా పంచాంగం తీశాడు. శ్రావణంలో అడిగితే దసరా ఆఫర్లు రానీ అంటాడు. దసరాకి అడిగితే డిసెంబరులో పాత స్టాకు తగ్గించి ఇస్తారంటాడు. డిసెంబరులో అడిగితే, ‘ఇప్పుడు కొంటే పదిరోజుల్లో ఏడాది పాతదైపోతుంది’ అంటాడు. జనవరిలో ధరలు పెంచారంటాడు. ఫిబ్రవరిలో బడ్జెట్ చూద్దామంటాడు. తర్వాత పిల్లల పరీక్షలు, ఆ తర్వాత మూఢం, ఆ తర్వాత ఆషాఢం. మళ్ళీ శ్రావణం.

ఇవి చాలవన్నట్టు దేశం కూడా ఆయనకి సాకులు అందిస్తూ ఉంటుంది. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యామ్ 19వ గేటు కొట్టుకుపోయింది. ‘పోయింది గేటు కాదు, నా కారు’ అని బాబాయ్ నిట్టూర్చాడు. వారం తిరక్కుండా ఆ ప్రవాహంలోనే అడ్డుపలకలు దించి నీళ్ళు ఆపారు. పంట చేతికొచ్చింది. బాబాయ్ మాత్రం ఆగే ఉన్నాడు. 2025 ఆగస్టు 15న పన్నులు తగ్గుతాయని ప్రధాని చెప్పారు, మళ్ళీ ఆగాడు. సెప్టెంబర్ 22 నుంచి నాలుగు మీటర్ల లోపు చిన్న పెట్రోలు బళ్ళకి జీఎస్టీ 18 శాతానికి దిగింది. 1500 సీసీ లోపు మిడ్‌సైజ్ సెడాన్ల మీద సెస్సుతో కలిపి 45 ఉన్నది 40 అయింది. ఊళ్ళో నలుగురు ఆ వారమే కొనేశారు. బాబాయ్ అన్నాడు, ‘అడక్కుండానే అయిదు తగ్గించిన వాళ్ళు, ఓపిక పడితే ఇంకో అయిదు తగ్గించరా?’

ఒకసారి మాత్రం కొనేస్తాడనే అనుకున్నాం. స్లావియా, వర్టస్ రెండూ గ్లోబల్ ఎన్‌క్యాప్ క్రాష్ పరీక్షలో అయిదు నక్షత్రాలు తెచ్చుకున్నాయని తెలిసి షోరూం దాకా వెళ్ళాడు. ఏ రంగు కావాలో కూడా చెప్పాడు. ‘గ్రే. 1600 మెగావాట్ల ప్లాంటు పక్కన బతుకుతున్నాం. తెల్లది కొంటే రోజూ కడగాలి. గ్రే అయితే బూడిద పడ్డా తెలీదు, గీతలు పడ్డా ఆ బూడిదే వాటి మీద రోజూ ఉచితంగా రంగేస్తుంది.’ అంతా బాగానే ఉంది. సేల్స్ కుర్రాడు బుకింగ్ ఫారం తెచ్చి పెన్ను చేతికిచ్చాడు. బాబాయ్ పెన్ను మూత తీసి, మళ్ళీ పెట్టి, ‘జాడీ తెచ్చుకోలేదు’ అని లేచాడు.

ఆ రోజు పిన్ని మాత్రం ఏమీ ఆశ్చర్యపోలేదు. ‘కొంటే ఒక్క కారే ఆయనది. కొనకపోతే ఊళ్ళో కార్లన్నీ ఆయనవే’ అంది. ఎక్సెల్ వెనక కూర్చుని ముప్పై ఏళ్ళుగా ఆలోచించిన మనిషి మాట అది, కాదనలేం. కారు కొన్న మర్నాడు ఆయన మాట ఎవరు వింటారు? ‘మీ బండి ఎంతిస్తోంది బాబాయ్?’ అని ఎదురు ప్రశ్నలు మొదలవుతాయి. ఇప్పుడు తప్పులన్నీ ఇతరుల బళ్ళవి. కొన్నాక ఒక తప్పు ఆయనదవుతుంది.

మీ ఊళ్ళోనూ ఇలాంటి బాబాయ్ ఒకాయన ఉండే ఉంటాడు. పాత బండి చూడ్డానికి వెళ్తే ఆయన్ని తప్పకుండా తీసుకెళ్ళండి. స్టెప్నీ, పెడల్, బెల్టు, బిల్లులు ఆయన చూసినంత శ్రద్ధగా మెకానిక్ కూడా చూడడు. ఏది వద్దో ఆయన నోట వినండి. ఏది కావాలో ఇంట్లో వాళ్ళతో కూర్చుని మీరే తేల్చుకోండి. దారిలో తినే వగ్గరణి, మిర్చి ఖర్చు మాత్రం మీదే.