డిజిటల్ ఆటబల్ల తయారీ: ఆట వాయిదా వేయదలచినవారికి

డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే పాత్రధారణ ఆట 1974లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం, లేక్ జెనీవా అనే చిన్న ఊరి నుంచి వెలువడింది. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించిన ఆ ఆటకు కాగితం, పెన్సిలు, పాచికలు, నలుగురు కూర్చునే బల్ల ఉంటే సరిపోయేది. ఇందులో పెద్ద లోపమే ఉంది. ఏ శనివారం సాయంత్రమైనా ఆట మొదలైపోవచ్చు. పటాలు చూపించడానికని బల్లలో టీవీ బిగించే పని పెట్టుకుంటే ఆ గండం ఆర్నెల్లపాటైనా తప్పుతుంది.

ముందు టీవీ కొలతలు. ఈ ఆట పటాల్లో అంగుళం గడి అంటే అయిదడుగుల నేల. 43 అంగుళాల టీవీ తెర వెడల్పు దాదాపు 37.5 అంగుళాలు, ఎత్తు 21. ఫుల్ హెచ్‌డీ తెరకు అడ్డంగా 1920 పిక్సెళ్ళు కనక గడికి 51.2 పడతాయి. ఆ పైనున్న 1.2 ఎందుకులే అని సాఫ్ట్‌వేర్‌లో 50 కొట్టేయాలి. మొదటి గడుల్లో తేడా కంటికి ఆనదు. ఫలితం లాంగ్‌బో అనే పొడవాటి విల్లు ఎక్కుపెట్టినప్పుడు తెలుస్తుంది. దాని మామూలు దూరం 150 అడుగులు, అంటే 30 గడులు. తెరమీద గడులు లెక్కపెట్టినవారికీ, స్కేలు పెట్టి కొలిచినవారికీ మధ్య ముప్పావు అంగుళానికి కాస్త తక్కువ తేడా వస్తుంది. బాణం తగిలిందని ఒకరు, తగల్లేదని ఒకరు. ఇద్దరి దగ్గరా రుజువు ఉంటుంది. రాత్రి పదింటిదాకా మరో కాలక్షేపం అక్కర్లేదు.

తర్వాత టీవీని వెల్లకిలా పడుకోబెట్టాలి. నిలబెట్టి వాడటానికి చేసిన వస్తువు కనక దాని వేడి వీపు వైపు కన్నాల్లోంచి పైకి పోతుంది. పడుకోబెడితే ఆ వేడంతా పెట్టెలోనే మగ్గుతుంది. అందుకని పెట్టెకు కన్నాలు, కన్నాలకు కంప్యూటర్ ఫ్యాన్లు బిగించాలి. ఆట నడిపే డంజన్ మాస్టర్ భూతం గొంతుతో గుసగుసలాడే ఘట్టంలో ఆ ఫ్యాన్లు బాగా వినబడతాయి. పెట్టె లోతు ఆరంగుళాలైతే 30 అంగుళాల ఎత్తు బల్లకింద 24 మిగులుతుంది. అందులో కుర్చీ 18 తీసుకుంటుంది. మోకాళ్ళ సంగతి ఆటగాళ్ళే చూసుకోవాలి. బల్ల ఎత్తు పెంచితే కుర్చీలు మార్చాలి, కుర్చీలు మారిస్తే ఖర్చు టీవీని దాటుతుంది.

తెరమీద గాజు వేయించేటప్పుడు టఫెన్డ్ గ్లాసే వేయించాలి. దాన్ని ఒకసారి కాల్చి గట్టిపరిచాక కోయడం కుదరదు, పొడిపొడి అయిపోతుంది. కాబట్టి పెట్టె పూర్తికాకముందే కొలతలు ఇచ్చెయ్యడం మేలు. రెండో గాజు ఎలాగూ కొనాలి. అక్రిలిక్ చవకే, లోహపు పాచికల గీతలు పడేవరకు.

వేళ్ళ స్పర్శ కావాలంటే అంచుల చుట్టూ ఇన్‌ఫ్రారెడ్ ఫ్రేమ్ పెట్టాలి. గాజు మీదుగా పోయే కిరణాలకు ఏది అడ్డొచ్చినా అది దాన్ని వేలనుకుంటుంది. పాత్రకు గుర్తుగా నిలబెట్టిన బొమ్మ వేలే, పాచిక వేలే, చొక్కా చేతి అంచూ వేలే. పటం సర్రున జారి, సత్రంలో భోంచేస్తున్న వీరులు పక్క గుహలో తేలతారు. వారాలపాటు చీకట్లో దాచిన గదిని ఒక్క చిప్స్ ముక్క బయటపెట్టేస్తుంది. 2007లో మైక్రోసాఫ్ట్ సర్ఫేస్ పేరిట ప్రకటించిన బల్ల కిందినుంచి ఇన్‌ఫ్రారెడ్ కెమెరాలతో చూసి వేలేదో వస్తువేదో పోల్చుకునేది. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ విద్యార్థులు దానిమీద ఈ ఆటనే ఆడి చూపారు. అప్పట్లో దాని ధర దాదాపు పదివేల డాలర్లు. ఇంటి తయారీలో అనుభవజ్ఞులు ఫ్రేమ్ బిగించి, వైర్లు చక్కగా దాచి, స్విచ్ ఆపేసి మౌస్ వాడతారు.

పటాన్ని తెరమీద చూపే సాఫ్ట్‌వేర్ రోల్20 అయినా ఫౌండ్రీ అయినా పెద్ద భేదం లేదు. అప్‌డేట్ ఆట రోజే వస్తుంది.

చివరిది మూత. తెరమీద కాఫీ ఒలక్కుండా ప్లైవుడ్ పలకలు మూడు కోయించి పైన అమర్చాలి. వాటిమీద గడుల వినైల్ మ్యాట్ పరిస్తే ప్రతి గడీ సరిగ్గా అంగుళమే ఉంటుంది, బొమ్మలు కదలవు, వేడెక్కదు. గీయడానికి నీళ్ళతో చెరిగే పెన్నులే వాడాలి. వైట్‌బోర్డు పెన్నుతో గీస్తే మ్యాట్ మీద మరక పడిపోతుంది.