ముందు కారు కొనండి

న్యూయార్క్‌లో 1980లో రైళ్లు ఆగిపోయిన ఒక పాత లైను మీద మొక్కలు నాటి, 2009లో జనం నడిచే బాటగా తెరిచారు. పేరు హైలైన్. పొడవు 2.3 కిలోమీటర్లు. మనకూ అలాంటిది కావాలని ముచ్చటపడితే హైదరాబాద్ నాంపల్లిలో ఒక చిక్కుంది. 1907 నాటి స్టేషన్ ఇంకా పనిచేస్తూనే ఉంది, పట్టాలు ఖాళీ కాలేదు. వదిలేసిన ఫుట్‌పాత్‌లంటారా, అబిడ్స్ దాకా కావలసినన్ని!

అలాగని సర్కారు వారు ఊరుకున్నారా? 2023లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ తెరిచారు. నెత్తిన సోలార్ పలకల నీడ కూడా. అబిడ్స్ వాసి అక్కడ సైకిల్ తొక్కాలంటే ముందు కారు కొనుక్కోవాలి. దానికి సైకిల్ కట్టుకుని, మెహదీపట్నం ట్రాఫిక్ ఈదుకుంటూ నానక్‌రామ్‌గూడ చేరాలి. చేరేసరికి వ్యాయామం ఎటూ అయిపోతుంది, క్లచ్ తొక్కే కాలికి.

ఇటు అబిడ్స్‌లో ఫుట్‌పాత్ మీద తొలి హక్కు ట్రాన్స్‌ఫార్మర్‌ది, తర్వాత బైకులది, ఆపైన బెల్టులూ మొబైల్ కవర్లూ అమ్మే బండిది. (బండివాడి నేరమేం లేదు పాపం, అతనికీ చోటు చూపించిన వాళ్లు లేరు.) మిగిలిన జానెడులో మూత కదిలే మ్యాన్‌హోల్. ఆదివారం పాత పుస్తకాలు పరుచుకుంటాయి. అవి ఉన్నందుకైనా కాళ్లు చూసుకుని నడుస్తాం.

నాంపల్లిలో బస్సు భయం లేకుండా నడిచే భాగ్యం ఏడాదికి నెలన్నర, నుమాయిష్ ఎగ్జిబిషన్ జరిగే మైదానంలో. అదీ టికెట్టు కొనుక్కుని.