చక్రవర్తి తలకో చిల్లు

ఈమధ్య మా ఆవిడ మెళ్ళో ఒక గడ్డపాయన వేళ్ళాడుతున్నాడు. రోమన్ చక్రవర్తి హేడ్రియన్. ఆన్‌లైన్‌లో తెప్పించిన 'వింటేజ్' లాకెట్టు. తవ్వకాల్లో దొరికిన కాసుకి అచ్చమైన నకలట. ధర పన్నెండు వందలు.

ఆదివారం మైపాడు బీచికి పెట్టుకొచ్చింది. అక్కడి ఉప్పుగాలికి కిటికీ ఊచలే ఆగవు, రోము ఆగుతుందా? మంగళవారానికల్లా చక్రవర్తి ఆకుపచ్చబడ్డాడు. ఆయనతోపాటు ఆవిడ మెడా. కంసాలి ఆచారి దగ్గరికి పట్టుకెళితే ఆయన గీటురాయి కూడా బయటికి తియ్యలేదు.

"ఎవరమ్మా ఈ స్వామీజీ? ఇత్తడి. చింతపండేసి తోముకోండి."

ఆ మాటకి ఆవిడకంటే నాకే తల కొట్టేసినట్టయింది. ఎందుకంటే హేడ్రియన్ మా నెల్లూరుకి కొత్తవాడు కాడు. 1780ల్లో నెల్లూరు దగ్గర ఒక రైతు రాళ్ళగుట్ట పక్కన దున్నుతుంటే నాగలి ఇటుకలకి తగులుకుంది. తవ్వితే పాడుబడ్డ చిన్న గుడి, దాని కింద ముంత, ముంతలో రెండో శతాబ్దపు రోమన్ బంగారు కాసులు. రైతు వాటిని పాత బంగారం కింద అమ్మేశాడు. కొన్ని కరిగిపోగా, ముప్పైకి పైగా నవాబు అమీరుల్ ఉమ్రా చేతికొచ్చాయి. అప్పటి మద్రాసు గవర్నరు అలెగ్జాండర్ డేవిడ్‌సన్‌కి రెండు ఏరుకునే భాగ్యం దక్కింది. ఆయన ఒక హేడ్రియన్‌నీ, ఒక ఫాస్టీనా రాణినీ ఏరుకున్నాడు. ఆ సంగతి 1787లో ఉత్తరంలో రాశాడు. కొన్ని నిన్ననే టంకశాలలోంచి వచ్చినట్టు మెరుస్తున్నాయట. కొన్ని మాత్రం అరిగిపోయి, చిల్లులు పడి ఉన్నాయట. జబ్బకో మెడకో కట్టుకుని ఉంటారని ఆయన ఊహ.

ఊహెందుకు స్వామీ, మా ఇంటికొస్తే చూపించేవాళ్ళం కదా! లోకాన్నేలినవాడి మొహం చూసి మనవాళ్ళు వేసిన ప్రశ్న ఒక్కటే: చిల్లు ఎక్కడ పెట్టాలి? 1960ల్లో బుల్గారీ నగల కంపెనీ వాళ్ళు పాత రోమన్ నాణేలకి బంగారు చట్రం కట్టి, గీత పడకుండా హారాల్లో పొదిగారు. మనకంత మొహమాటం లేదు. బంగారం అందనివాళ్ళకీ దారుంది. తెలంగాణలోని కొండాపూర్ తవ్వకాల్లో రోమన్ చక్రవర్తి టైబీరియస్ కాసుని మట్టిలో అచ్చుపోసిన బిళ్ళలు దొరికాయి. చిలకలపూడి రోల్డుగోల్డుకి తాతలన్నమాట.

రోములో ప్లినీ అనే రచయిత మొదటి శతాబ్దంలోనే గోల పెట్టాడు, ఇండియా ఏటా ఐదు కోట్ల సెస్టర్షియస్‌లు లాగేస్తోందని. నగల కొట్టు బయట చెప్పులకి కాపలా కూర్చునే మొగుళ్ళకి ఆయనే మూలపురుషుడు.

మా అవ్వ కాసులపేరులో విక్టోరియా రాణి ఉండేది. ఆవిణ్ణి లక్ష్మీదేవనుకుని శుక్రవారం శుక్రవారం కుంకుమ పెట్టేది అవ్వ. ఎవరూ కాదనలేదు. రాణీ కాదనలేదు.

ఇంతకీ ఆ కరిగిపోయిన కాసులేమైనట్టు? ఆ ముంతలో ట్రాజన్ చక్రవర్తి కాసులూ ఉన్నాయి. నెల్లూరు బంగారం అవ్వ నుంచి మనవరాలికి, గాజు నుంచి కమ్మకి మారుతుందే తప్ప ఊరు దాటదు. మా ఆవిడ పెట్టుకున్న ముక్కుపుడక మా అవ్వదే. హేడ్రియన్‌కి ట్రాజన్ పెంపుడు తండ్రి.

చింతపండుతో తోమించుకుని వచ్చిన హేడ్రియన్ నిన్న మళ్ళీ మెడెక్కాడు. గడ్డం కాస్త పైకెత్తి ముక్కుపుడక వంకే చూస్తున్నాడు.