కవరు యాచన: టీకా తాత్పర్య సహితము

మూలము
“అన్నా, టమాటాలకో కవరియ్యవా!”

టీక
అన్నా = ఓ కూరగాయల బండివాడా; టమాటాలకు = పండి మెత్తబడి, చేతిలో నిలువని టమాటాలకొరకు; ఓ = ఒకటి (రెండిచ్చినను కాదనమని ధ్వని); కవరు = వేలకొలది ఇథిలీను అణువులు కూడి పెరిగిన గొలుసుల పొరను; ఇయ్యవా = వెల చెప్పక ఇమ్ము.

వివరణము
‘కవరు’ వద్ద కొంత నిలువవలెను. నాఫ్తాను నీటియావిరితో కలిపి 800 డిగ్రీలు దాటిన కొలిమిలో చీల్చగా ఇథిలీను వాయువు పుట్టును. దాని రెండు కార్బను పరమాణువుల నడుమ జంటబంధము కలదు. అందొకటి విడివడినచో అణువుకు రెండు చేతులును ఖాళీ యగును, పొరుగుదానిని పట్టును, అది తన పొరుగుదానిని పట్టును. ఇదియే పాలిమరీకరణము. పెరుగుచున్న రెండు కొసలు ఎదురుపడి కలిసినచో రెండింటికిని మంగళము పాడినట్లే.

ఇతిహాసము
1933 మార్చిలో ఇంగ్లండున ఐసీఐ అను రసాయన సంస్థవారి విన్నింగ్టన్ ప్రయోగశాలలో గిబ్సన్, ఫాసెట్ అనువారు ఇథిలీనును బెంజాల్డిహైడుతో కలిపి 170 డిగ్రీల వేడిలో, వేయి అట్మాస్ఫియర్లు మించిన పీడనమున అణచిరి. వెదుకబోయినదొకటి, పాత్రలో దొరికినది తెల్లని మైనమువంటి పదార్థము, అనగా పాలిథీను. మరల చేయబోగా కుదరలేదు. 1935లో అచ్చటి ఇతర శాస్త్రజ్ఞులు, పరికరము కారుచుండగా, మరికొంత ఇథిలీను నింపిరి. దానివెంట దొంగచాటుగా చేరిన రవ్వంత ఆక్సిజనే గొలుసులను మొదలుపెట్టెను. ఇచ్చట కారుటయే కారణము. అనుప్రాసము.

శంక
పాల ప్యాకెట్టు మెత్తన, బండిమీది కవరు గలగల. రెండును పాలిథీనే కదా?

సమాధానము
ప్యాకెట్టు గొలుసులకు పక్కకొమ్మలెక్కువ, దగ్గరగా సర్దుకొనలేవు. 1953లో జర్మనీలో కార్ల్ సీగ్లర్ టైటానియము, అల్యూమినియము సమ్మేళనముల సాయముతో తక్కువ పీడనముననే కొమ్మలు లేని గొలుసులను పెంచెను. బండిమీది కవరువి ఇట్టి గొలుసులే, బిగుతుగా పేరుకొనును. అందుకే పలుచని పొరకును అంత బలము, అంత చప్పుడు. పాల ప్యాకెట్టు మౌనమే నాకిష్టము.

విశేషము
టమాటాను పండించు వాయువును ఇథిలీనే; పండుచు తానును దానినే వదలును. లోనున్నదానికిని పైనున్నదానికిని ఇట్లు జ్ఞాతిత్వము సిద్ధించినది. మూలకారుడు బేరము తొందరలో దీనిని గమనింపలేదు.

కరిగిన పాలిథీనును గొట్టపు బుడగగా ఊది, చల్లార్చి, అదిమి చుట్టుదురు. ఆ అదుముటచేతనే కవరు నోరు మూసుకొనిపోవును. బండివాడు బొటనవేలు తడిచేసి నలుపుట ఇందువలననే. అది విసుగు కాదు.

తాత్పర్యము
ఓ అన్నా! సంచి తెచ్చుట మరచితిని, కవరిమ్మని భావము. ‘కవరుకు వేరే డబ్బులు’ అని సూపర్ మార్కెట్టు ప్రతులలో పాఠాంతరము.